పాలు మానడం సరే, పప్పు తూచారా?

సంపాదకులకు నమస్కారం.

పీసీఓఎస్ (అండాశయాల్లో హార్మోన్లు తారుమారై నెలసరి తప్పే జబ్బు) ఉన్నవాళ్లు పాలు, పెరుగు, గుడ్డు, మాంసం మానేస్తే నెలసరి దానంతటదే దారిలో పడుతుందన్న మాట ఈమధ్య పత్రికల ఆరోగ్యం పేజీల్లోనూ, అంతకు పదింతలు ఫోన్లలో తిరిగే వీడియోల్లోనూ వినిపిస్తోంది. బెంగళూరులోని మారతహళ్లి, బీటీఎం లేఅవుట్, ఎలక్ట్రానిక్ సిటీ పీజీల్లో (భోజనం పెట్టే అద్దె హాస్టళ్లలో) ఉంటూ ఉద్యోగాలు చేసుకునే తెలుగు అమ్మాయిలు చాలామంది ఈ మాట పట్టుకుని మొదట చేసే పని పెరుగు గిన్నె పక్కకు నెట్టడం. పెరుగు పోయిన చోటికి ఇంకో హస్తం అన్నం, ఇంకాస్త సాంబారు వచ్చి చేరతాయి. కాఫీలోకి తియ్యటి ఓట్స్ పాలు, సాయంత్రానికి వీగన్ (పాలు, మాంసం లాంటివేవీ లేని పూర్తి మొక్కల తిండి) ముద్ర ఉన్న బిస్కట్లు. చక్కెర చెరుకులోంచి వచ్చేదే, మైదా గోధుమల్లోంచి వచ్చేదే, పామాయిల్ కూడా చెట్టుకాయ నూనే. తీసేసిన చోట ఏం పెట్టాలి, ఎన్ని గ్రాములు పెట్టాలి అన్న లెక్క ఎవరూ చెప్పడం లేదు కాబట్టి ఈ ఉత్తరం.

ముందు జబ్బు సంగతి. స్కానింగ్ రిపోర్టు చూసి మనవాళ్లు నీటి బుడగలు అనేవి నిజానికి తిత్తులు కావు, ఎదుగుదల మధ్యలో ఆగిపోయిన అండపుటికలు, అంటే అండం పెరిగే చిన్న సంచులు. వాటిని కరిగించే కషాయం కోసం వెతకడం దండగ. ఎక్కువమందిలో చిక్కంతా ఇన్సులిన్ దగ్గర మొదలవుతుంది. కణాలు దాని మాట వినకపోతే క్లోమం ఇంకా ఎక్కువ ఇన్సులిన్ వదులుతుంది. అది అండాశయాన్ని మగ హార్మోన్లు తయారుచేయమని పురిగొల్పుతుంది. అదే సమయంలో కాలేయంలో తయారయ్యే ఎస్‌హెచ్‌బీజీ అనే ప్రోటీన్‌ను తగ్గిస్తుంది. టెస్టోస్టెరాన్‌ను పట్టి ఉంచేది ఆ ప్రోటీనే కనుక, అది తగ్గితే రక్తంలో విడిగా తిరిగే టెస్టోస్టెరాన్ పెరుగుతుంది. గడ్డం మీద వెంట్రుకలు, మొటిమలు, నెలల తరబడి రాని నెలసరి ఆ వరసలో వచ్చేవే. సన్నగా ఉన్నవాళ్లకూ ఇది వస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం పిల్లలు కనే వయసు స్త్రీలలో 10 నుంచి 13 శాతం మందికి ఉంది.

2023లో వచ్చిన అంతర్జాతీయ మార్గదర్శకాలు పీసీఓఎస్‌కు ఫలానా ఆహార పద్ధతే మిగతా అన్నిటికన్నా మేలని చెప్పలేదు. పాలు మానమనీ చెప్పలేదు. ఎవరు దేన్ని ఎక్కువకాలం పాటించగలరో అదే వారికి మంచిదన్నది వాటి సారం. జంతువుల మీద దయతోనో, పాలు పడకనో, ఇంటి అలవాటు వల్లనో పూర్తి మొక్కల తిండికి మారాలనుకునేవారికి అది చక్కగా సరిపోతుంది. మాకు ఇందులో బలంగా కనిపించే భాగం పప్పుధాన్యాలు. కెనడాలోని సస్కాచెవాన్ విశ్వవిద్యాలయం వాళ్లు 2018లో ప్రచురించిన ప్రయోగంలో, పీసీఓఎస్ ఉన్న స్త్రీలు ఒక జట్టుగా 16 వారాలపాటు పప్పులు, శనగలు, చిక్కుడు గింజలు ప్రధానమైన భోజనం చేశారు. ఇంకో జట్టు గుండె ఆరోగ్యం కోసం సాధారణంగా సూచించే భోజనం చేసింది. వ్యాయామం రెండు జట్లూ చేశాయి. పప్పుల జట్టులో ఇన్సులిన్, చెడు కొలెస్ట్రాల్, ట్రైగ్లిజరైడ్లు ఎక్కువగా తగ్గాయి. అది వీగన్ భోజనం కాదని గమనించాలి. మేలు చేసింది పప్పు.

ఇక తూకాలు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ లెక్కన పెద్దవాళ్లకు కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాముల ప్రోటీన్ కావాలి, అంటే 60 కిలోల మనిషికి 50 గ్రాములు. పప్పుల ప్రోటీన్ పాలు, గుడ్లంతగా ఒంటబట్టదు కాబట్టి మేం 60 గ్రాములు పెట్టుకోమంటాం. తూకాలన్నీ వండక ముందువి: బియ్యం 120 గ్రాములు, జొన్నపిండి లేదా రాగిపిండి 60, కందిపప్పు లేదా పెసరపప్పు 60, పొట్టు పెసలు 50, మీల్‌మేకర్ (సోయా ముక్కలు) 25, వేరుశనగ గుళ్లు 30, కూరగాయలు ఆకుకూరలు కలిపి 400. బియ్యంలోంచి 9, పిండిలోంచి 5, పప్పులోంచి 13, పెసలలోంచి 11, మీల్‌మేకర్‌లోంచి 13, పల్లీల్లోంచి 7, కూరల్లోంచి ఐదారు గ్రాముల ప్రోటీన్ వస్తుంది. నూనె ఐదు చిన్న చెంచాలు, ఒక జామకాయ కలుపుకున్నా 1,600 నుంచి 1,700 కేలరీలు దాటదు. బరువు తగ్గాల్సినవాళ్లకు ఇది చాలు. సన్నగా ఉన్నవాళ్లు ఈ కేలరీలకు కట్టుబడనక్కర్లేదు, పల్లీలు, నువ్వులు, పిండి పెంచుకోవాలి. వాళ్లు తిండి తగ్గిస్తే రావాల్సిన నెలసరి కూడా ఆగిపోవచ్చు.

ఈ లెక్కలో పీజీ భోజనం ఎక్కడ తప్పుతుందో చూడండి. అన్నం ఎంతైనా పెడతారు. పప్పు మాత్రం కంచంలో పోస్తే అంచు దాకా పారేంత పలచన. చిక్కటి పప్పు ఒక కప్పు, అంటే 200 గ్రాములు, రావాలంటే 50 గ్రాముల కందిపప్పు వేయాలి. చిన్న పరీక్ష ఒకటుంది. కంచంలో పప్పు వేసి వేలితో గీత గీయండి. గీత నిలబడితే పప్పు, వెంటనే మూసుకుపోతే చారు. అన్నం కొలత కూడా ఇలాగే కంటితో తెలుసుకోవచ్చు: 50 గ్రాముల బియ్యం వండితే సుమారు 150 గ్రాముల అన్నం, ఒక కప్పు. అందులో పిండిపదార్థం 40 గ్రాములు. ఆంధ్రా మెస్సులో కూర్చుని పొడికి, పప్పుకి, పులుసుకి, చారుకి, పెరుగుకి విడివిడిగా అన్నం కలుపుకునే అలవాటున్న మనకు నాలుగు కప్పులు తెలియకుండానే దిగిపోతాయి. ఆ వరస తిరగేయండి. ముందు కూర, పప్పు, చేతనైతే పచ్చి కీరా క్యారెట్ ముక్కలు, ఆ తర్వాత ఒక కప్పు అన్నం. అదే భోజనం అదే పరిమాణంలో ఈ వరసలో తిన్నా రక్తంలో చక్కెర పెరిగే వేగం తగ్గుతుంది. తిన్నాక పది పదిహేను నిమిషాలు నడిస్తే ఇంకా తగ్గుతుంది.

పీజీలో పొయ్యి ఉండదు, కెటిల్ ఉంటుంది. దానితో చాలా పని జరుగుతుంది. మీల్‌మేకర్ 25 గ్రాములు మరిగే నీళ్లలో పావుగంట నానేసి, రెండుసార్లు చల్లటి నీళ్లతో కడిగి గట్టిగా పిండాలి. పిండకపోతే ఆ వాసనకే చాలామంది మానేస్తారు. దాన్ని మెస్సు కూరలో కలుపుకోవచ్చు. పుట్నాలపప్పు 50 గ్రాములు కారప్పొడితో కలిపి డబ్బాలో పెట్టుకుంటే ఆఫీసులో సాయంత్రానికి పది గ్రాముల ప్రోటీన్. టోఫు (సోయాపాల పనీర్) కొనేటప్పుడు వెనక అచ్చువేసిన అంకె చదవండి, కంపెనీ మారితే ప్రోటీన్ చాలా మారుతుంది. గట్టి టోఫు ఎంచుకుంటే మేలు.

వండుకునేవాళ్లకు పొద్దుటిపూట పెసరట్టును మించింది లేదు. 50 గ్రాముల పెసలు ఐదారు గంటలు నానాలి. రాత్రంతా నానేసి రుబ్బిన పిండిని బయట వదిలేస్తే పులుస్తుంది, అట్టు విరుగుతుంది. కరకరలాడడానికి వేసే బియ్యం ఒక చెంచా దాటనీయొద్దు. లోపల ఉప్మా పెట్టడం మన గొప్ప ఆవిష్కరణే గాని పీసీఓఎస్‌కు అక్కర్లేదు. ఇడ్లీలో ఒక గ్లాసు మినప్పప్పుకు మూడు గ్లాసుల రవ్వ పోస్తుంటే దాన్ని ఒకటిన్నరకు దించండి. పప్పు ఎక్కువైతే ఇడ్లీ పొంగు తగ్గి అతుక్కుంటుంది, ఆ పిండిని దోసెలకు వాడండి. పక్కన కొబ్బరి బదులు పల్లీ చట్నీ.

దర్శినిలో (ఇక్కడి చిన్న టిఫిన్ హోటల్లో) తినేవాళ్లు చౌచౌ బాత్ జోలికి పోకపోతే చాలు. ఒక పళ్లెంలో రెండు ముద్దల బొంబాయి రవ్వ, అందులో ఒకటి చక్కెరతో. నెయ్యి వద్దనుకుంటే అడిగేటప్పుడే తుప్ప బేడ అనాలి, ఖారాబాత్‌లో (ఆ కారం ముద్దలో) మాత్రం ముందే కలిపేసి ఉంటుంది. ఇక్కడి కోసంబరి మన వడపప్పే, దొరికినప్పుడు రెండు కప్పులు తీసుకోండి. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా అవరెకాళ్లు, అంటే మన అనపగింజలు, వీధివీధినా ఒలిచి అమ్ముతారు. ఆ మూడు నెలలూ పప్పు బెంగ లేదు. కార్తీకంలో బసవనగుడి కడలెకాయి పరిషె (వేరుశనగల జాతర) నుంచి తెచ్చుకున్న పల్లీలు ఉడకబెట్టుకుని తింటే మంచిదే, బెల్లం పట్టించి పట్టీలు చేస్తేనే లెక్క తప్పుతుంది. ఉలవచారు గురించి ఒక మాట. ఉలవలు ఉడికించి నీళ్లు మనం తీసుకుని గింజలు పశువులకు పెట్టడం మన ఆచారం. ప్రోటీన్, పీచు ఆ గింజల్లోనే ఉన్నాయి. గుగ్గిళ్లు చేసుకుని గింజలూ తినండి.

చిరుధాన్యాలను మందులా చూడడం ఇక్కడ మరీ ఎక్కువ. కొర్రలు, సామలు, రాగులు మంచివే, పీచు ఉంది, 100 గ్రాముల రాగుల్లో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంది. కానీ పిండిపదార్థం బియ్యానికి పెద్దగా తీసిపోదు. పైగా మెత్తగా విసిరి జావ కాచి బెల్లం వేస్తే గ్లూకోజు అన్నంలాగే దూకుతుంది. రాగి సంగటి అయితే ముద్ద సగం చేసుకుని పప్పుకూర రెట్టింపు చేసుకోవాలి. బెల్లం, తేనె, ఖర్జూరం లడ్డూ, ఇవన్నీ ఈ జబ్బులో చక్కెర ఖాతాలోకే వస్తాయి. పాకెట్లలో వచ్చే ఓట్స్ పాలల్లో చక్కెర కలపలేదని రాసున్నా, తయారీలో ఎంజైములు పిండిని విరగ్గొట్టి మాల్టోజు చేస్తాయి. బాదం పాలల్లో ప్రోటీన్ పేరుకే. కాఫీకి చక్కెర కలపని సోయాపాలు కొంత నయం.

భోజనం చివర మజ్జిగ లేకపోతే తిన్నట్టుండని వాళ్లకు పల్లీ పెరుగు ఉంది. 100 గ్రాముల పచ్చి పల్లీలు ఎనిమిది గంటలు నానేసి పొట్టు తీసి, అరలీటరు నీళ్లతో మెత్తగా రుబ్బి గుడ్డలో వడగట్టాలి. ఆ పాలు అడుగంటకుండా కలుపుతూ పది నిమిషాలు కాగనివ్వాలి, లేకపోతే పచ్చివాసన పోదు. వేలు పెడితే గోరువెచ్చగా తగిలేదాకా ఆరనిచ్చి, కడిగిన పచ్చిమిరప తొడిమలు ఏడెనిమిది వేసి మూతపెట్టాలి. వేడిగా ఉండగా వేస్తే తోడుకోదు, విరిగిపోతుంది. బెంగళూరు చలిలో పన్నెండు గంటలు పైనే పడుతుంది. మొదటిసారి నీళ్లగా వస్తుంది, దాన్నే తోడుగా దాచి రెండోసారి వేస్తే గడ్డకడుతుంది. ఇందులో గేదె పెరుగులో ఉండే కాల్షియం గాని, బీ12 గాని లేవన్నది మరవకూడదు.

బీ12 దగ్గరే అసలు ప్రమాదం. మొక్కల తిండిలో అది దాదాపు లేదు. స్పైరులినా అనే నాచుపొడిలో ఉందని రాసేది శరీరం వాడుకోలేని నకలు. పీసీఓఎస్‌కు ఇచ్చే మెట్‌ఫార్మిన్ (చక్కెర వ్యాధికీ వాడే మాత్ర) కూడా ఎక్కువకాలం వాడితే బీ12ను తగ్గిస్తుంది. రెండూ కలిస్తే కొన్నేళ్లలో అరికాళ్ల మంటలు, తిమ్మిర్లు, మతిమరుపు. పాలు పూర్తిగా మానిన రోజునుంచే రోజుకు కనీసం 10 మైక్రోగ్రాములు, లేదా వారానికి ఒకసారి 2,000 మైక్రోగ్రాములు వేసుకోవాలి. అప్పటికే లోపం ఉందని తేలితే మోతాదు వైద్యులు చెప్పేది వేరు. గర్భం కోసం ఫోలిక్ యాసిడ్ వేసుకుంటున్నవాళ్లు బీ12 పరీక్ష తప్పక చేయించాలి. ఫోలిక్ యాసిడ్ రక్తహీనతను కప్పిపుచ్చుతుంది, నరాలకు జరిగే నష్టం మాత్రం సాగుతూనే ఉంటుంది.

ఇనుము రోజుకు 29 మిల్లీగ్రాములు కావాలని జాతీయ సంస్థ లెక్క. నెలలు ఆగి ఒకేసారి విపరీతంగా అయ్యే నెలసరిలో అది ఇంకా పోతుంది. మొక్కల్లోని ఇనుము పులుపుతో బాగా ఒంటబడుతుంది, కాఫీ టీలతో పడదు. పప్పులో నిమ్మకాయ పిండండి, భోజనమైన గంట దాకా ఫిల్టర్ కాఫీ ముట్టకండి. ఈ ఒక్కటి పాటించడం ఇక్కడ ఎంత కష్టమో మాకు తెలుసు. ఇనుము లోపం ఉన్నప్పుడు హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు చక్కెర) పరీక్ష ఉన్నదానికన్నా ఎక్కువ చూపించవచ్చు, చక్కెర వ్యాధి వచ్చిందని కంగారుపడే ముందు అది చూసుకోవాలి. ఇంకొకటి, పాలు, చేపలు లేనివాళ్లకు అయోడిన్ దాదాపుగా ఉప్పులోంచే వస్తుంది. ఆరోగ్యానికి మంచిదని సైంధవ లవణానికి మారితే అదీ పోతుంది. మామూలు అయోడిన్ ఉప్పే వాడండి. కాల్షియం రోజుకు 1,000 మిల్లీగ్రాములు రాగులు, నువ్వులు, మునగాకు, కాల్షియంతో గడ్డకట్టించిన టోఫు కలిపి తెచ్చుకోవాలి, చాలకపోతే మాత్ర. విటమిన్ డీ 60,000 యూనిట్ల గుళికలు వారానికొకటి చొప్పున వైద్యులు చెప్పిన గడువు దాటి మింగుతూ పోకూడదు, ఎక్కువైతే రక్తంలో కాల్షియం పెరుగుతుంది.

మార్పు మొదలుపెట్టిన రెండో వారంలో ఎక్కువమంది మానేసేది కడుపుబ్బరం వల్ల. పీచు ఒక్కసారిగా రెట్టింపైతే పేగుల్లోని సూక్ష్మజీవులు వాయువు తయారుచేస్తాయి. అదే వారంలో మెట్‌ఫార్మిన్ కూడా మొదలుపెడితే విరేచనాలు దేనివల్లో తేలదు, నింద మందు మీద పడి మందు ఆగిపోతుంది. కాబట్టి రోజూ తినే పప్పును వారానికి 15 గ్రాముల చొప్పున పెంచండి, శనగలు, రాజ్మా రాత్రంతా నానేసి ఆ నీళ్లు పారబోసి కుక్కర్‌లో మెత్తగా ఉడికించండి. రాజ్మా సగం ఉడికితే వాంతులు ఖాయం. మెట్‌ఫార్మిన్ మామూలుగా రాత్రి భోజనంతో 500 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి వారం రెండు వారాలకోసారి పెంచుతారు. ఆ పెంపు, పప్పు పెంపు ఒకే వారం రాకుండా చూసుకోండి. థైరాయిడ్ మాత్ర వేసుకునేవాళ్లు సోయా, ఇనుము, కాల్షియం మాత్రలకు దానికి నాలుగు గంటల ఎడం పాటించాలి. సోయా తింటే ఈస్ట్రోజెన్ ఎక్కువై జబ్బు ముదురుతుందన్న భయానికి ఆధారం లేదు.

నెలలో సగం రోజులు అవిసె, గుమ్మడి గింజలు, మిగతా సగం నువ్వులు, పొద్దుతిరుగుడు గింజలు తినమనే పద్ధతికీ గట్టి ఆధారం లేదు. అవిసెలు మాత్రం రోజూ ఒక పెద్ద చెంచా పొడి తినదగినవే, ఒమేగా-3 కోసం. గింజలు గింజలుగా మింగితే అరగకుండా బయటికి పోతాయి. దోరగా వేయించి, ఎండుమిర్చి, కరివేపాకుతో పొడి కొట్టి, వారానికి సరిపడా మాత్రమే చేసుకోండి, నిలవుంటే కమరువాసన వస్తుంది.

ఫలితం ఎప్పుడు? నెలసరి కోసం మూడు నెలలు చూడాలి. బరువు ఎక్కువున్నవాళ్లలో 5 శాతం తగ్గినా, 70 కిలోల మనిషికి మూడున్నర కిలోలు, అండం విడుదల మళ్లీ మొదలవవచ్చు. పిల్లలు అప్పుడే వద్దనుకునేవాళ్లు నెలసరి రావడం లేదుకదా అని జాగ్రత్త మానకూడదు. వెంట్రుకల విషయంలో ఆరు నెలలకు ముందు ఏమీ కనిపించదు, ఇప్పటికే ముదిరి మందమైన వెంట్రుకలను ఏ తిండీ రాల్చదు. వారానికి రెండున్నర గంటల నడక, రెండు రోజులు బరువులెత్తే వ్యాయామం లేకుండా తిండి ఒక్కటే లాగలేదు.

తిండి మీద నమ్మకంతో వైద్యుల దగ్గరికి వెళ్లకుండా ఉండకూడని సందర్భాలున్నాయి. 90 రోజులు దాటినా నెలసరి రాకపోతే ముందు గర్భ పరీక్ష, తర్వాత వైద్యులు. గర్భాశయం లోపలి పొర నెలల తరబడి మందం కట్టడం మంచిది కాదు, మందుతో నెలసరి తెప్పించాల్సి రావచ్చు. గొంతు బొంగురుపోయినా, కొద్ది నెలల్లోనే వెంట్రుకలు విపరీతంగా పెరిగినా అది పీసీఓఎస్ కాకపోవచ్చు, వెంటనే చూపించాలి. పీసీఓఎస్ అని తేల్చే ముందు టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష), ప్రొలాక్టిన్, 17 హైడ్రాక్సీ ప్రొజెస్టెరాన్ అనే హార్మోన్ల రక్తపరీక్షలు చూడాలి. చక్కెర కోసం 75 గ్రాముల గ్లూకోజు తాగించి రెండు గంటలకు చేసే పరీక్ష అన్నిటికన్నా నమ్మదగింది. ఇన్సులిన్ పరీక్షకు పెట్టే డబ్బు దీనికి పెట్టండి. టీనేజీ పిల్లలకు రజస్వల అయిన ఎనిమిదేళ్ల లోపు స్కానింగ్ చూసి పీసీఓఎస్ అనడం 2023 మార్గదర్శకాల ప్రకారం తప్పు. పదహారేళ్ల పిల్ల రిపోర్టు పట్టుకుని ఇంట్లో పాలు, అన్నం, మామిడిపండు అన్నీ ఆపేసే తల్లులు ఈ వాక్యం మరోసారి చదవాలి.

మీ వంటల పేజీకి ఒక మనవి. పీసీఓఎస్ వంటకమని వేసేటప్పుడు పప్పు ఎన్ని గ్రాములో, ఎంతమందికో అచ్చు వేయండి. బెల్లం వేసినదానికి చక్కెర లేనిది అని శీర్షిక పెట్టకండి. పాలు లేని వంటకమైతే అడుగున బీ12 మాత్ర సంగతి ఒక్క వాక్యం చేర్చండి.

ఇట్లు,
బెంగళూరులో పనిచేస్తున్న కొందరు తెలుగు స్త్రీవైద్యులు, పోషకాహార నిపుణులు